ఆరున్నొకటి

మోకాలి కింద తువ్వాలను చుట్టిపెట్టుకుని, దాన్ని కాలితో కిందికి అదమాలి. అదిమి, పది లెక్కపెట్టేదాకా అట్లాగే పట్టి ఉంచాలి. తర్వాత వదలాలి. అట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలు. చెప్పేవాళ్ళకు ఇదంతా చిన్నపిల్లల ఆట. మోకాలి చిప్ప రెండు ముక్కలై, లోపల తీగ చుట్టించుకున్న మనిషిని అడిగితే ఆట సంగతి తెలుస్తుంది.

ఆనందమ్మ నొప్పికి జడిసే రకం కాదు. చొప్పదండి సర్కారు బడిలో పద్దెనిమిదేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. పొయ్యి ముందు గొంతుకూర్చుని రెండు వందల మంది పిల్లలకు పప్పు కలిపిన మనిషి. ఆపరేషన్ అయ్యాక నెలన్నర పాటు మోకాలు వంచొద్దంటే వంచలేదు. మాత్రలు టైముకు మింగింది. వాకర్ పట్టుకుని నడవమంటే నడిచింది. కానీ కట్టు విప్పి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టిన తొలిరోజు, తువ్వాల మీద మోకాలు అదిమి కళ్ళు మూసుకుందో లేదో, గోడ అవతల ఆమె మొగుడు లెక్క మొదలుపెట్టాడు.

"లాభం... రెండు... మూడు..."

తోమాసు చనిపోయి అప్పటికి నలభై ఆరు రోజులు.

దయ్యమని ఎవరూ తొందరపడి అనుకోవద్దు. మెథడిస్టు క్రైస్తవుల ఇంట్లో దయ్యాలకు చోటు లేదు, పాస్టరు గారు వినేటట్టు అయితే అసలే లేదు. ఆనందమ్మ కూడా ఆ మాట అనుకోలేదు. ఆమె అనుకున్నది అంతకంటే పెద్దది, అంతకంటే చెడ్డది. అది ఎవరికీ చెప్పలేదు.

తోమాసు మార్కెట్ యార్డులో దడువాయి. రైతులు తెచ్చిన వడ్లను కాంటా మీద తూచి, బస్తాల లెక్క పైకి వినపడేటట్టు చదివే పని. వడ్ల లెక్కకు ఒక మర్యాద ఉంది. మొదటిదాన్ని "ఒకటి" అనరు, "లాభం" అంటారు. ఆరు తర్వాత "ఏడు" అనరు, "ఆరున్నొకటి" అంటారు. పండిన పంట ముందు నిలబడి ఏడు అంటే ఎవరిని ఏడవమన్నట్టు? కరెంటు కాంటాలొచ్చాక కొత్త దడువాయిలు ఈ మర్యాదలన్నీ గాలికి వదిలేశారు. తోమాసు మాత్రం వదల్లేదు. వడ్లకే కాదు, ఇంట్లో మాత్రలు లెక్కపెట్టినా, చర్చిలో కుర్చీలు లెక్కపెట్టినా ఆరున్నొకటే. పాస్టరు గారు ఆటపట్టించేవాడు.

"తోమాసూ, బైబిల్ నిండ ఏడులే గదనయ్యా. దేవుడు ఆరున్నొకటో దినం విశ్రమించిండని చదువుమంటవా?"

"అది దేవుని లెక్క పాస్టర్ గారూ. గిది వడ్ల లెక్క. రెండు కలపొద్దు."

అటువంటి మనిషిని చివరికి వడ్లే పొట్టన పెట్టుకున్నాయి. నవంబరులో, పెద్దపల్లిలో ఉన్న ఆనందమ్మ చెల్లెలి ఇంటికి పోయి మోటారు సైకిల్ మీద తిరిగొస్తున్నారు. పొద్దుగూకుతోంది. ఎదురుగా వచ్చిన లారీ లైట్లకు తోమాసు కళ్ళు చెదిరాయి. రోడ్డు సగం మేర ఎవరో ఆరబోసిన వడ్లు కుప్పచేసి, చుట్టూ రాళ్ళు పేర్చి, నల్ల టార్పాలిన్ పట్ట కప్పారు. ముందు చక్రం రాయికి తగిలింది. ఆనందమ్మ కుప్పకు ఇవతల పడింది, తోమాసు అవతల పడ్డాడు. మధ్యన నడుమెత్తు వడ్లు. మనిషి కనిపించలేదు, గొంతు ఒక్కటే వినపడింది.

"ఆనందం, కండ్లు మూయకు. నేను లెక్కవెడ్త, నువ్వు ఇనుకుంట ఉండు. నిద్రవోకు. లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు..."

మోకాలిలో నిప్పు పెట్టినట్టుంది. లెక్క తొందరగా అయిపోతే నొప్పి కూడా అయిపోతుందని ఎందుకనిపించిందో, ఆరు తర్వాతి మాటను ఆమే అనేసింది. "ఏడు," అన్నది. ఆ తర్వాత చీకటి. కళ్ళు తెరిచేసరికి కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది. సమాధి కార్యక్రమం కూతురు ఫోన్‌లో చూపించింది.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో అనొద్దన్న మాటను, వడ్ల మీద పడి, ఆ మనిషి ప్రాణం ఊగుతున్నప్పుడు అన్నది. ఆ మాటతో లెక్క ఆగింది, లెక్కతోపాటు ఆయన ఆగిపోయాడు. ఇదీ ఆనందమ్మ గుండెలో ఇరుక్కున్న సంగతి. కళ్ళెంట ఒక్క చుక్క కూడా రాలేదు. బంధువులు చాటున గుసగుసలాడుకున్నారు, రాతి గుండె అన్నారు.

ఇప్పుడు గోడ అవతల ఆ గొంతు రోజుకు మూడు పూటలా వస్తోంది. యార్డులో ఉన్నప్పటి గొంతే, వడ్ల దుమ్ముకు కొంచెం జీరబోయి ఉంటుంది. అది వినపడగానే ఆమెకు మెడ మీద వడ్ల నూగు పడ్డట్టు దురద పుట్టేది. ముందు గదిలో చేస్తే ముందు గోడ అవతల, వంటింట్లో చేస్తే ఆ గోడ అవతల. ఎప్పుడూ అవతలే. ఆరు దాకా వచ్చి ఆగేది. ఆగాక ఊపిరి వినపడేది, ఎవరిదో జవాబు కోసం చూస్తున్న మనిషి ఊపిరి. ఆనందమ్మ గబుక్కున కాలు వదిలేసేది. మళ్ళీ అదిమితే మళ్ళీ "లాభం". భయమే, కానీ ఆ భయం కోసమే పొద్దున లేచేది. చెడ్డదో మంచిదో, అది ఆయన గొంతు.

బుధవారం బుధవారం కూతురు ఆరాధన ఆమెను బస్సులో కరీంనగర్ తీసుకుపోయేది. అక్కడ ఫిజియోథెరపీ చేసే స్పందన, చొప్పదండి దొర వంశీధర్‌రావు బిడ్డ. ఆనందమ్మ తల్లి వాళ్ళ పొలంలో నాట్లేసింది. ఆ ఇంటి పిల్ల తన మడమను అరచేతిలో పెట్టుకుంటే ఆనందమ్మ ముడుచుకుపోయేది. స్పందనకు ఆ పట్టింపులేమీ లేవు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో చూపే ప్లాస్టిక్ కొలబద్ద ఆనించి చూసి మొహం చిట్లించింది.

"యాభై ఐదు. పోయిన వారం యాభై ఐదే, అంతకుముందు వారం యాభై ఐదే. ఆంటీ, ఇంట్ల నిజంగ చేస్తున్నరా?"

"యేసయ్య తోడు, మూడు పూటల చేస్తున్న మేడం."

"ఏదీ, నా ముందర చెయ్యిరి."

ఆనందమ్మ తువ్వాల అదిమింది. ఆకుపచ్చ కర్టెన్ అవతల నుంచి "లాభం" అని వినపడింది. ఆరుకు వదిలేసింది. స్పందన గోడ గడియారం చూసింది. మళ్ళీ చేయించింది. మళ్ళీ ఆరుకే.

"గిదీ సంగతి. పది దాక పట్టమన్న, మీరు ఆరుకే వదుల్తున్నరు. గిట్ల చేస్తే కండరం సగం నిద్రలనే ఉంటది. గుంజినట్టు ఉంటే ఫికర్ వద్దు, చెయ్యిరి. సూదితోటి పొడిచినట్టు ఉంటే ఆపుండ్రి. పొద్దున లేచేసరికి వాపు ఉంటే నిన్న ఎక్కువైనట్టు, మర్నాడు తగ్గించుండ్రి. మిగతా నొప్పి మీరు భరించాల్సిందే." కొలబద్ద పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఆంటీ, మూడు వారాల్ల తొంభై రాకపోతే కీలు గట్టిపడిపోతది. మల్ల మత్తిచ్చి వంచాలంటడు డాక్టర్ సారు. అప్పుడు గూడ వస్తదని చెప్పలేం. పొయ్యి ముంగట కూసునుడు, చర్చిల మోకరించుడు అన్నీ మర్చిపోవాలె."

ఆనందమ్మ తలూపింది. కర్టెన్ అవతల ఊపిరి ఇంకా వినపడుతూనే ఉంది.

ఇంటికి రాగానే ఆరాధన కొంగు బిగించింది. ఆ పిల్ల మీసేవ కేంద్రంలో పని చేస్తుంది. రోజూ వందమంది చేత క్యూ కట్టించే గొంతు. తల్లి పక్కన కూర్చుని, "నేను లెక్కవెడ్త, నువ్వు కాలు పట్టు. నేను పది అనేదాక వదిలితే ఊకోను," అని మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏ..."

మాట పూర్తికాకముందే ఆనందమ్మ కూతురి నోరు అరచేత్తో మూసింది. ఎంత గట్టిగా మూసిందంటే ఆ పిల్ల పెదవి పంటికి తగిలి చిట్లింది. రక్తం చూసి తల్లి చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత, రెండు నెలలుగా దాచుకున్నదంతా చెప్పింది. ఏడు అన్న సంగతి, గోడ అవతలి గొంతు సంగతి, అన్నీ.

ఆరాధన పిచ్చి అనలేదు, ప్రార్థన చేసుకొమ్మని కూడా అనలేదు. పెదవి తుడుచుకుని ఒకే ప్రశ్న వేసింది.

"అవ్వా, బాపు ఫోను పగిలిపాయె. నీ ఫోను బ్యాగుల ఉండె. మరి అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేసిన్రు?"

ఆనందమ్మకు తెలియదు. ఆమెకు అటువంటి ఆలోచనే రాలేదు. ఆ అంబులెన్సు నడిపిన గోపాల్ అప్పుడప్పుడు జిరాక్సులకు మీసేవకు వస్తాడు. ఆరాధన అతన్ని పట్టుకుని, ఆ రోజు ఫోన్ చేసిన నంబరు సంపాదించింది. ఆ నంబరుకు చేస్తే ఎత్తినవాడు ముత్యం. ఆ వడ్లు ఆరబోసిన రైతు. పోలీసులకు మాత్రం అప్పుడు తాను రోడ్డు మీద లేనని రాసిచ్చాడు. ఆరాధన కేసు మాట ఎత్తలేదు. "మా బాపు ఆఖరికి ఏమన్నడో మా అవ్వకు చెప్పిపో. గంతే," అన్నది.

ఆదివారం ఆరాధన చర్చి నుంచి వచ్చేసరికి ముత్యం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, ఎండకు మాడిన మనిషి. లోపలికి రమ్మంటే గడప దాకా వచ్చి అక్కడే కింద కూర్చున్నాడు. చాలాసేపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకు ఏమీ లేదు.

"నేను గాడనే ఉన్న అక్కా. పట్ట కప్పుతున్న. బండి రాయికి తాకుడు కండ్లార చూసిన. ఫోన్ చేసిన. గంతే, దగ్గరికి రాలే. పోయినేడు మా పక్కూర్ల గిట్లనే అయితె జనం రైతును పట్టుకొని కొట్టిన్రు. పానం గజగజ వణికింది. ట్రాక్టర్ ట్రాలీ ఎనుక కూసున్న. అప్పుడు లాభం అని ఇనవడ్డది. తోమాసన్న అని గప్పుడు తెల్సింది. పదేండ్లు నా వడ్లు ఆయననే జోకిండు."

"ఆరు కాడ నేనొక మాటన్న," అన్నది ఆనందమ్మ.

"ఏడు అన్నవు. ఇన్న."

"గా మాటకే ఆయన..."

"గా మాటకు ఆయన నవ్విండు అక్కా."

ఆనందమ్మ అతని మొహంలోకి చూసింది.

"నవ్విండు. గసపోసుకుంటనే నవ్విండు. 'ఇరవై ఆరేండ్లాయె, ఇంకా నేర్సుకోకపోతివి. ఆరున్నొకటి అను' అన్నడు. నువ్వు పలుకలే. 'అను ఆనందం' అన్నడు. జరసేపు చూసిండు. ఇగ ఆయననే ఆరున్నొకటి అని ముంగటికి పోయిండు. పది కాంగనే 'ఉన్నవా?' అని అడిగిండు. ఇరవై కాంగనే అడిగిండు. ముప్పై కాంగనే అడిగిండు. ముప్పై నాలుగు దాక లెక్కవెట్టిండు. ముప్పై ఐదు అంటడని నేను చూసిన. అనలే."

ఆరాధనకే ముందు తెలివొచ్చింది.

"మా అవ్వ సోయి తప్పింది. నీకు సోయి ఉన్నది గద! మూడుసార్లు అడిగిండు మా బాపు. ట్రాలీ ఎనుకనుంచే 'ఉన్నది' అనకపోయినవా? ఒక్క మాట. మా అవ్వ సచ్చిపోయిందనుకొని పోయిండు గద మా బాపు!"

"రోజు గదే అడుగుతున్న బిడ్డా, నన్ను నేను," అన్నాడు ముత్యం. లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆనందమ్మ కూతుర్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేసుకుంది. తువ్వాల మీద మోకాలు అదిమింది. గొంతు వచ్చింది. ఆరు దగ్గర ఆగింది. ఊపిరి వినపడింది. ఆ ఊపిరి ఎదురుచూస్తున్నది ఏ మాట కోసమో ఆమెకు ఇప్పుడు తెలుసు.

"ఆరున్నొకటి," అన్నది.

అవతల గొంతు తేలికపడింది. "ఎనిమిది... తొమ్మిది... పది." తొడ కండరం పిక్క దాకా గుంజింది, కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి, అయినా పట్టి ఉంచింది. పది తర్వాత గొంతు అడిగింది. "ఉన్నవా?"

ఆనందమ్మ నోరు తెరిచి, మూసుకుంది. జవాబు రాలేదు కనుకనే ఆయన లెక్కపెడుతున్నాడు. జవాబు వచ్చిందంటే ఇంక లెక్క దేనికి? ఈ ఇంట్లో ఆయనవని మిగిలినవి రెండు చొక్కాలు, ఈ గొంతు. చొక్కాలు ఉతికేశారు. ఆమె జవాబు చెప్పకుండా మళ్ళీ కాలు అదిమింది. మళ్ళీ "లాభం" అని వినపడగానే ప్రాణం లేచొచ్చింది.

అట్లా రెండు వారాలు గడిచాయి. తువ్వాల అదమడం, మడమను మంచం మీద తనవైపు జరుపుకోవడం, కాలు తిన్నగా లేపి ఆపడం, అన్నీ పదికి పది చేసింది. ఒక పొద్దున వాపు కనిపిస్తే ఆ పూట తగ్గించి, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టుకుంది. కొలబద్ద డెబ్బై చూపించింది, తర్వాత ఎనభై ఆరు. "ఇంకో నాలుగు ఆంటీ! గిట్లనే కానియ్యిరి, రేపోమాపో వచ్చేస్తది," అని స్పందన సంబరపడింది. సంబరం చూసి ఆనందమ్మ కూడా నవ్వింది. దొంగ నవ్వు.

ఎందుకంటే గొంతు మారుతోంది. అడిగినప్పుడల్లా మారుతోంది. మొదట్లో "ఉన్నవా?" అన్నది మామూలుగా, సంతకు పోతూ తలుపు దగ్గర నిలబడి అడిగినట్టు ఉండేది. రెండో వారానికి అందులో దడ చేరింది. తర్వాత "ఉన్నవా, ఆనందం?" అని పేరు కలిపాడు. కట్టుకున్నప్పటి నుంచి ఆ మనిషి భయపడగా ఆమె చూడలేదు. పాము ఇంట్లోకి వస్తే కర్రతో దాన్ని మెల్లగా బయటికి సాగనంపిన మనిషి. ఇప్పుడు గోడ అవతల గొంతు పగిలేటట్టు పిలుస్తున్నాడు, ఇవతల ఆమె పళ్ళు బిగబట్టి ఊరుకుంటోంది.

మంగళవారం మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. ఆరాధన పనికి పోయింది. మడమ జరుపుకునే ఎక్సర్‌సైజు తొమ్మిదిసార్లు అయింది. తొమ్మిదోసారి ఆయన అడగలేదు, ఏడ్చాడు. "ఆనందం, ఉన్నవా? ఒక్క మాట పలుకు," అని ఏడ్చాడు.

అప్పుడు ఆనందమ్మకు తాను చేస్తున్నది ఏమిటో సిగ్గు వేసేటంత స్పష్టంగా కనిపించింది. పూటకు ముప్పైసార్లు, రోజుకు తొంభైసార్లు, తన మొగుణ్ణి ఆ రాళ్ళ మీద పడుకోబెట్టి పిలిపించుకుంటోంది. ముత్యం ఒక్కసారి ట్రాలీ వెనక దాక్కున్నాడు. తాను రోజుకు తొంభైసార్లు దాక్కుంటోంది. గొంతు కావాలని, తోడు కావాలని, ఆయనకు ఎంత నొప్పి అవుతోందో చూడలేదు.

పదోసారి మడమను జరిపింది. లెక్క మొదలైంది. ఆరు దగ్గర తన వంతు మాట తాను అన్నది. ఎనిమిది, తొమ్మిది, పది. మోకాలు ఇదివరకు ఎప్పుడూ రానంత దూరం వచ్చి, బుడిపెలాగా పైకి లేచి నిలబడింది.

"ఉన్నవా?"

"ఉన్న," అన్నది ఆనందమ్మ గోడవైపు తిరిగి. "ఉన్ననయ్యా. కాలే ఇరిగింది, గంతే. పలుకలేకపోయిన. నువ్వు నవ్వినవంట, తెల్సింది. ఇగ లెక్క ఆపు. నువ్వు పండుకో."

అవతల ఊపిరి ఒకటి పెద్దగా వదిలినట్టు వినపడింది. తర్వాత ఏమీ లేదు. పక్కింటివాళ్ళ మేక ఒకటి అరిచింది. గోడ వట్టి గోడ అయింది. ఆమె చాలాసేపు విన్నది. చెవి ఆనించి విన్నది. ఏమీ లేదు.

ఇంకా కాలు తిన్నగా లేపే ఎక్సర్‌సైజు మిగిలి ఉంది. మానేద్దామనుకుంది. మర్నాడు బుధవారం, తొంభై రావాలి. కాలు లేపింది. గాలిలో నిలిపి, అలవాటుకొద్దీ ఆగింది. ఎవరూ మొదలుపెట్టలేదు. కాలు వణుకుతోంది. ఇంక తానే అనాలి.

"లాభం," అన్నది.

ఆ మాట తన గొంతుతో, ఒక్కతే ఉన్న ఆ గదిలో వినపడేసరికి, మూడు నెలలుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కాలు మాత్రం దించలేదు. ఏడుస్తూనే "రెండు" అన్నది.